మొర్రిచెట్టుకు యజమాని ఎవరు?

యాసంగి వరికోతలు మిషన్ల పాలైనప్పటి నుంచి ఏప్రిల్, మే నెలల్లో మన కూలీలకు పని దొరకడం గగనమైపోయింది. పది రోజులు పది మంది చేసే కోత మిషను ఒక్క పూటలో చేసిపోతుంది. ఆ రెండు నెలలు పొయ్యి వెలగాలంటే అడవి అంచు పల్లెల పేదలకు మిగిలిన దారి అడవి ఒక్కటే. మొదట ఇప్పపువ్వు, తర్వాత తునికాకు, వాటితోపాటే మొర్రిపండు.

మొర్రిపండు అంటే తెలియని పిల్లగాడు మన పల్లెల్లో ఉండడు. గోలీకాయ కన్నా చిన్నది. పండితే నల్లబడుతుంది. నోట్లో వేసుకుంటే తియ్యగా, కొంచెం పుల్లగా ఉంటుంది. గుజ్జు చప్పరించి గింజ ఊసేస్తాం. ఆ ఊసేసిన గింజలోనే ఉంది అసలు సంగతి. గట్టి పెంకు పగలగొడితే లోపల కందిగింజంత పప్పు. అదే సారపప్పు. ఉత్తరాది షావుకార్లు దాన్ని చిరోంజి అంటారు. హైదరాబాదులో రంజాన్ నాడు చేసే షీర్‌ఖుర్మాలో పడేది అదే. పెళ్లిళ్ల పాయసాల్లో, మిఠాయి దుకాణాల బర్ఫీల మీద కనపడేదీ అదే. పట్నం దుకాణంలో కిలో సారపప్పు వెయ్యి రూపాయలు ఎప్పుడో దాటింది. దాన్ని అడవిలో ఏరిన అక్క పిల్లలు మాత్రం పండగనాడు కూడా ఆ పప్పు రుచి చూడరు.

ఇది ఎందుకు ఇట్లా ఉంది? ఈ వారం దీని గురించే మాట్లాడుకుందాం.

ఒకే కుటుంబం, రెండు న్యాయాలు

చెట్లకు కూడా కుటుంబాలుంటాయని శాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. మామిడి, జీడిమామిడి, చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి, మన పొలం గట్ల మీది గుంపెన, అడవిమామిడి, ఈ మొర్రి ఒకే కుటుంబం చెట్లు. మొర్రిజాతికి శాస్త్రంలో బుకానానియా అని పేరు. బుకానన్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు పేరది. 1799లో టిప్పు సుల్తాను పడిపోయినాక ఏ నేలలో ఏ పంట పండుతుంది, ఏ అడవిలో ఏం దొరుకుతుందని మైసూరు రాజ్యమంతా తిరిగి కంపెనీకి లెక్క రాసిచ్చినవాడు ఆయన. వందల ఏండ్ల నుంచి ఆ చెట్టుకింద బతికిన ఆదివాసి పేరు చెట్టుకు దక్కలేదు. లెక్క రాయడానికి వచ్చిన కంపెనీ మనిషి పేరు దక్కింది. పేరుదాకా అయితే పోనీ అనుకోవచ్చు. ఫలం కూడా అట్లనే పోతున్నది.

ఈ కుటుంబంలో పెద్దన్న మామిడి. జగిత్యాల పక్కన చల్‌గల్ మామిడి మార్కెట్టుకు పోయి చూడండి. సీజనులో లారీలే లారీలు. మామిడితోటకు పట్టా ఉంది, యజమాని ఉన్నాడు, మార్కెట్టు యార్డు ఉంది, కాంటా ఉంది. గాలివాన వచ్చి కాయ రాలితే నష్టపరిహారం ఇవ్వాలని అడిగేవాళ్లున్నారు. తోటలో కాయ తెంపే కూలీకి న్యాయం జరుగుతున్నదా అంటే అది వేరే కథ. కానీ చెట్టుకు మాత్రం ఒక లెక్క ఉంది.

జీడిమామిడి పోర్చుగీసువాళ్లు పరాయి దేశం నుంచి తెచ్చిన చెట్టు. దానికీ తోటలున్నాయి. శ్రీకాకుళం జిల్లా పలాసలో గింజ పగలగొట్టి పప్పు తీసే ఫ్యాక్టరీలున్నాయి.

మొర్రి ఈ నేలలో పుట్టిన చెట్టు. ఉట్నూరు, తిర్యాణి, కెరమెరి, జైనూరు గుట్టల నుంచి గోదావరి ఇవతల మహాదేవపూర్, కాటారం అడవులదాకా గులకరాళ్ల నేలలో, ఎవరూ నీళ్లు పొయ్యకుండా, ఎరువు వెయ్యకుండా కాస్తున్నది. దానికి పట్టా లేదు, యార్డు లేదు, కాంటా లేదు. యజమాని ఎవరయ్యా అంటే జంగ్లాతు అంటారు. చట్టాన్ని అడిగితే వేరే జవాబు చెబుతుంది. ఆ జవాబు మనకు తెలియకుండా ఉండటమే దళారీకి పెట్టుబడి.

మానిక మాయ

కొన్నేండ్ల కింద ఎండాకాలంలో అడవి అంచున ఒక ఊరికి కూలిరేట్ల మీటింగు కోసం పోయాం. పేరు ఎందుకు గానీ, అట్లాంటి ఊళ్లు మీ చుట్టుపక్కల పది ఉంటాయి. చింతచెట్టు కింద ఒక వ్యాపారి మనిషి బస్తాలు పరుచుకుని కూర్చున్నాడు. ఒక అవ్వ గంప దించింది. ఆయన మానికతో కొలుస్తున్నాడు. ప్రతి మానిక మీదా గోపురం లెక్క కుప్ప పోస్తున్నాడు. మేము పక్కన కిరాణం కొట్టు నుంచి తక్కెడ తెచ్చి తూస్తే, ఆయన కిలో అని లెక్కగట్టే మానికలో కిలోంబావు తూగింది.

“అవ్వా, పావుకిలో పోతున్నది, చూసుకుంటలేవా?” అన్నాం.

“తెల్వక కాదు బిడ్డా. తూకం అడిగితే రేపటి నుంచి ఈ ఊరికి రానంటడు. మోసినది మల్ల ఇంటికి మోసుకపోవాల్నా?” అన్నది.

చదువు రాని అవ్వ మాకు ఆర్థికశాస్త్రం చెప్పింది. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు తూకం వాడిదే, ధర వాడిదే, దయ కూడా వాడిదే. పక్కన బస్తర్‌లో కిలో ఉప్పు ఇచ్చి కిలో సారపప్పు పట్టుకపోయిన వ్యాపారుల సంగతి దేశమంతా ఎరిగినదే. ఉప్పు పోయి నోటు వచ్చింది. మానిక మాత్రం మారలేదు.

ఇంకో మాయ ఉంది. మన ఆడవాళ్లు అమ్మేది గింజ, పట్నంలో అమ్ముడుపోయేది పప్పు. పండ్లు నీళ్లలో నానబెట్టి, రుద్ది, తొక్కా గుజ్జూ కడిగి, ఎండబెడితే గింజ అవుతుంది. దాన్ని వదులుగా ఆడే ఇసుర్రాయిలో పగలగొట్టి, చెరిగితే పప్పు వస్తుంది. గింజ ముదురును బట్టి నాలుగైదు కిలోలకు కిలో పప్పు. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఆడవాళ్లకు వచ్చిన పనే. కానీ ఆ నాలుగు రోజులు ఆగే ఓపిక చేతిలో పైసలున్నవాడికే ఉంటుంది. అప్పున్న ఇల్లు గింజ తడి ఆరకముందే అమ్ముకుంటుంది. పప్పు తీసినవాడు మిగులు మింగుతాడు. వరిలో జరిగేది ఇదే, పత్తిలో జరిగేది ఇదే. అడవికి వేరే న్యాయం ఏమీ లేదు.

చెట్టు ఎందుకు కూలుతున్నది?

ఇప్పుడు ఒక చేదు సంగతి చెప్పుకోవాలి. మొర్రిచెట్లు తగ్గిపోతున్నాయి. మన చిన్నప్పుడు ఊరి పక్కన ఉన్న చెట్లకోసం ఇప్పుడు గుట్ట దాటి పోవలసి వస్తున్నది. పెద్ద అధికారులు, పట్నం పర్యావరణ ప్రేమికులు దీనికి ఒక్క మాటలో కారణం చెబుతారు. పేదల ఆశ, కొమ్మలు నరికి కాయ దులుపుకుంటున్నారు అంటారు.

కొమ్మలు నరకడం నిజం. అబద్ధమని మేము అనం. కొన్నిచోట్ల చెట్టునే పడగొట్టి కాయ ఏరుకున్నారు. ఇది తప్పు. కాయ పండకముందే, పచ్చిది ఉండగానే తెంపుతున్నారు. పచ్చికాయ గింజలో పప్పు ముడతలు పడుతుంది, ధర పలకదు. చేజేతులా చేసుకున్న నష్టం అది. గింజ నేల పడకపోతే కొత్త మొక్క ఎక్కడ మొలుస్తుంది? పెంకు గట్టిది కనుక పడిన గింజ కూడా అన్నీ మొలవవు. వేర్ల నుంచి వచ్చే పిలకలను ఎండాకాలం మంటలు కాల్చేస్తాయి.

అయితే ఎందుకు పచ్చికాయ తెంపుతున్నారు? ఒక అక్క మాటల్లోనే చెబుతాం. “పండేదాకా ఆగితే నాకు దొరుకుతదా అన్నా? ఇయ్యాల నేను తెంపకపోతే రేపు పక్కూరోళ్లు తెంపుతరు.” ఇందులో ఆశ ఎక్కడుంది? ఉన్నది భయం. హక్కు లేనిచోట కాపు ఉండదు. చెట్టు నాది, మా ఊరిది అన్న నమ్మకం ఉంటే పండేదాకా కాపలా కాస్తారు. రేపు నాది కాదన్నప్పుడు ఇవాళే దులుపుకుంటారు. పూర్వం కొత్త ఫలాన్ని దేవుడికి పెట్టకుండా ముట్టగూడదని గోండు, కొలాము గూడేల్లో కట్టుబాటు ఉండేది. దాని వెనక ఉన్నది పండేదాకా ఆగే తెలివి. వ్యాపారి ముందుగా బయానా ఇచ్చి త్వరపెట్టే కాలంలో ఆ కట్టు తెగింది.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. అడవి వస్తువు ఆడవాళ్ల పక్కపని అని మేమూ చాలా ఏండ్లు చిన్నచూపు చూశాం. భూమి, కూలి, తునికాకు తప్ప మిగతావి సంఘం ఎజెండాలో ఉండేవి కావు. ఒక ఏడు అయితే, బయటివాళ్లు వచ్చి తెంపుకపోతారు, మీరే ముందుగా తెంపుకోండి అని మేమే మీటింగులో చెప్పాం. ఆ ఊళ్లో ఆ ఏడు పచ్చికాయే దిగింది, ధర సగం కూడా రాలేదు. చెట్లు కొమ్మలు లేకుండా మోడులై నిలబడ్డాయి. ఆ మోడులను చూసినప్పుడు మాకు బుద్ధి వచ్చింది. చెట్టును కాపాడటం జంగ్లాతువాళ్ల పని, ధర అడగటం మన పని అని విడదీసి చూస్తే రెండూ దక్కవు.

మన తప్పు మనం ఒప్పుకున్నాక మిగతా లెక్క కూడా తీయాలి. కొమ్మ నరికింది అక్క చేతి కొడవలి. అడవికి అడవినే నరికించినవాళ్ల సంగతి ఏమిటి? కాగితం గుజ్జుకోసం నీలగిరి తోటలు వేసినచోట మొర్రి, తునికి, ఇప్ప కలిసి ఉన్న అడవి పోయింది. మందమర్రి, శ్రీరాంపూర్, రామగుండం పక్కన ఓపెన్‌కాస్టు బొగ్గుగుంతలు తవ్వినచోట చెట్టూ పోయింది, నేలా పోయింది. ఆ లెక్క కొడవలి లెక్క పక్కన పెట్టి తూస్తే మొగ్గు ఎటు ఉంటుందో చెప్పడానికి కాంటా కూడా అక్కరలేదు.

చట్టం ఏమంటున్నది?

చట్టాలు మనకోసం ఎవరూ దయతలచి రాయలేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగిన తర్వాతనే నిజాం సర్కారుకు గోండుల గోడు విచారించాలన్న బుద్ధి పుట్టింది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో కూలీలు, పేదరైతులు వెట్టికీ దొరల పెత్తనానికీ ఎదురు తిరిగితే, సర్కారు ఆ రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో మీటింగుకు వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చచ్చింది 13 మంది అని సర్కారు లెక్క. అరవైకి పైనే అని హక్కుల సంఘాలవాళ్ల లెక్క. ఏప్రిల్ 20 అంటే అడవిలో మొర్రికాయ రంగు తిరిగే రోజులు. ఆ నెత్తురు తడిసిన నేల మీదనే ఈ చెట్లూ ఉన్నాయని మరవగూడదు.

ఇప్పుడు కాగితం మీద ఏముందో చూద్దాం. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఫలసాయం కొనే హక్కు 1979 రెగ్యులేషన్ ప్రకారం గిరిజన సహకార సంస్థకే ఉంది. ప్రైవేటు వ్యాపారి కొనడం ఆ చట్టం ప్రకారం నేరం. 1996 పెసా చట్టం ఆ ఫలసాయం మీద గ్రామసభకు యాజమాన్యం ఉండాలన్నది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకా సూటిగా చెప్పింది: తరతరాలుగా ఏరుకుంటున్న అటవీ ఫలసాయం మీద ఏరుకునేవాళ్లకు యాజమాన్య హక్కు, ఏరుకునే హక్కు, వాడుకునే హక్కు, అమ్ముకునే హక్కు ఉన్నాయి. అంటే మొర్రిపండుకు యజమాని జంగ్లాతు కాదు, వ్యాపారి కాదు. గంప మోసే అక్క. ఇది మీటింగులో కొట్టిన నినాదం కాదు, పార్లమెంటు చేసిన చట్టం.

ఇంకా ఉంది. 2013-14లో కేంద్ర సర్కారు అటవీ ఫలసాయానికి కనీస మద్దతు ధర పథకం తెచ్చింది. అప్పుడు సారగింజకు కిలోకు 100 రూపాయలు రాసింది. తర్వాత ఆ రేటు మారుతూ వచ్చింది. వరికి మద్దతు ధర అని అందరం కొట్లాడుతాం. మొర్రిగింజకు కూడా మద్దతు ధర ఉందని ఎంతమందికి చెప్పాం?

మరి లోపం ఎక్కడ? మొదటిది, కొనే హక్కు ఒక్క సంస్థకే ఇచ్చినప్పుడు ఆ సంస్థ మనిషి గింజ ఉన్న రోజున, గింజ ఉన్న ఊళ్లో, చేతిలో నగదుతో ఉండాలి. లేకపోతే చట్టం గుత్తహక్కు ఆ సంస్థది, నడిచే గుత్తహక్కు దళారీది అవుతుంది. రెండోది, పాత కరీంనగర్ జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతమే లేదు. అడవి ఉంది, మొర్రి ఉంది, ఏరుకునే కూలీలున్నారు, 1979 రెగ్యులేషన్ మాత్రం లేదు. మూడోది, ఆదివాసులు కాని దళిత, వెనకబడిన కులాల పేదలు అటవీ హక్కు అడగాలంటే మూడు తరాలు, అంటే 75 ఏండ్లు అడవిని నమ్ముకుని బతుకుతున్నట్టు రుజువు చూపాలి. తాతకు ఓటు కార్డు కూడా లేని ఇంటివాళ్లు కాగితం ఎక్కడ తెస్తారు?

నాలుగోది అసలైనది. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రం మొత్తం మీద సుమారు 4 లక్షల ఎకరాలకు. అది పోరాడి తెచ్చుకున్నది, సంతోషమే. కానీ ఆ పట్టా దున్నే చెలకకు. మొర్రిచెట్లున్నది చెలక అవతలి అడవిలో. ఆ అడవి మీద ఊరంతటికీ సామూహిక హక్కు పత్రం కావాలి. ఎవరి చెలక వాళ్లకు వచ్చిందని కూర్చుంటే చెట్టు మళ్లీ దిక్కులేనిదే అవుతుంది. 2012లో కవ్వాల్‌ను పులుల అభయారణ్యంగా ప్రకటించినాక జన్నారం, కడెం, ఉట్నూరు వైపు ఊళ్లకు ఈ పత్రం అవసరం మరీ పెరిగింది. అడవిలోకి ఎందుకొచ్చావని అడిగేవాడికి చూపించే కాగితం అదే.

తునికాకు నేర్పిన పాఠం

“ఇవన్నీ అయ్యేవేనా?” అని కొందరు అడుగుతారు. తునికాకును చూడండి. ఒకప్పుడు ఆకు కూడా గుత్తేదారు చెప్పిందే రేటు. కట్టకు ఎన్ని ఆకులు పెట్టమంటే అన్ని. 1971లో చట్టం చేసి సర్కారు ఆకు వ్యాపారాన్ని చేతిలోకి తీసుకున్నది. చట్టం వచ్చినంత మాత్రాన కూలీకి రేటు రాలేదు. ఆ తర్వాతి ఏండ్లలో కూలీలు కల్లాల దగ్గర కూర్చుని, రేటు తెగేదాకా ఆకు తెంపమని నిలబడ్డ తర్వాతనే కట్టకు రేటు పెరిగింది. ఆకు అదే, అడవి అదే, వ్యాపారి కూడా అదే జాతి. మారింది కూలీల ఐక్యత ఒక్కటే.

మొర్రి విషయంలో ఆ పని ఇంకా మొదలు కాలేదు. కారణం, తునికాకు కల్లంలో వంద మంది ఒకచోట చేరుతారు. మొర్రిగింజ ఎవరి గడప దగ్గర వాళ్లు అమ్ముకుంటారు. ఒంటరిగా అమ్మేవాళ్లను ఒకచోట చేర్చడమే మన పని.

కాబట్టి వచ్చే సీజనుకు ముందే, మొర్రి పూతమీద ఉండగానే, మాఘం నుంచే ఈ పనులు మొదలుపెట్టాలి.

ఒకటి, ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టి తెంపే తేదీ నిర్ణయించాలి. కాయ నల్లబడకుండా ఎవరూ తెంపగూడదు, ఎవరి దగ్గరా పచ్చిగింజ కొనగూడదు. పక్కూరివాళ్లను కూడా కూర్చోబెట్టి ఒప్పించాలి. వాళ్లు మన శత్రువులు కారు, మనలాంటి కూలీలే. కొమ్మ నరికినవాళ్లకు ఊరే జరిమానా వెయ్యాలి. సంఘం కార్యకర్త ఇంటివాళ్లు నరికితే ముందు ఆ ఇంటికే వెయ్యాలి.

రెండు, మానిక బందు. తక్కెడ ఉంటేనే అమ్మకం. ఊరంతా ఒకచోట, ఒకే రోజు అమ్మాలి.

మూడు, గింజ రాలకముందే మద్దతు ధర బోర్డు రాసి పెట్టి, ప్రతి వారం సంత దగ్గర నగదు ఇచ్చి కొనాలని సర్కారును అడగాలి. షెడ్యూల్డు ప్రాంతం కాని అడవి ఊళ్లకు కూడా ఈ కొనుగోలు వర్తించాలి.

నాలుగు, పెంకు పగలగొట్టే చిన్న మిషన్లు ఆడవాళ్ల సంఘాలకు ఇవ్వాలి. గింజ అమ్మే ఊరు పప్పు అమ్మే ఊరు కావాలి. మిషను వచ్చేదాకా ఇసుర్రాయి ఉండనే ఉంది.

ఐదు, ఊరి అడవికి సామూహిక హక్కు పత్రం అడుగుతూ దరఖాస్తులు పెట్టాలి. మొర్రి, ఇప్ప, తునికి ఉన్న అడవిని కొట్టి ఒకే రకం తోటలు వేయగూడదని గ్రామసభ తీర్మానం చెయ్యాలి.

ఈ ఐదింటిలో మొదటి రెండూ మన చేతిలోనే ఉన్నాయి. వాటికి ఏ కలెక్టరు సంతకం అక్కరలేదు. ఆ రెండూ చేసి చూపిస్తేనే మిగతా మూడూ అడిగే గొంతుకు బలం వస్తుంది.

ఆ తక్కెడ తెచ్చిన రోజు సంగతి ఒకటి మిగిలింది. ఆ రోజు వ్యాపారి మనిషి బస్తాలు ఎత్తుకుని పోయాడు. అవ్వ గంప తిరిగి నెత్తికెత్తుకుని ఇంటికి పోయింది. మా మీద కోపంగానే పోయింది. మేము తలవంచుకున్నాం. మూడో రోజు ఆ ఊరి ఆడవాళ్లు ఇరవై మంది గింజలు ఒకచోట పోసుకుని కూర్చున్నారని కబురొచ్చింది. వ్యాపారి మనిషి మళ్లీ వచ్చాడు. ఈసారి తక్కెడ వాడే తెచ్చుకున్నాడు. రేటు పెద్దగా ఏమీ పెరగలేదు. కానీ అవ్వ పావుకిలో అవ్వకే మిగిలింది.

ఒక ఊళ్లో పావుకిలో మిగిలింది. పది ఊళ్లు కూర్చుంటే ఏం మిగులుతుందో లెక్క కట్టుకోండి. మొర్రిచెట్టుకు యజమాని ఎవరని ఎవరన్నా అడిగితే, గంప మోసేవాళ్లమే అని చెప్పండి. చెప్పి ఊరుకోకుండా, యజమానుల లెక్క చెట్టును కాచుకోండి.